గేట్ ఓపెన్ గారి గైర్హాజరు

కోటిలంక నీటిపారుదల సర్కిల్‌లో సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్‌ఈ, సార్వభౌమరావు గారు పదహారు నెలల్లో ఒక్కసారే కంప్యూటర్ గదిలోకి అడుగుపెట్టారు. అదీ తన గదిలో ఏసీ చెడిపోయినందువల్ల. ఆ ఒక్కసారికే పడమటి కాలువ పదకొండు రోజులు మూతపడింది.

ఆయన వెళ్ళేసరికి గదిలో మట్టపర్తి సునయన ఉంది. ఇరవై ఏడేళ్ళ కాంట్రాక్టు ప్రోగ్రామరు. చినతోట లాకుల దగ్గర ఆ కాలువ తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూడటం వగైరా పనులన్నీ చేసే ప్రోగ్రాం ఆమె చేతిలోదే. జావాలో రాసిన ఆ ప్రోగ్రాం ఒకే ముద్దగా ఉండదు. పద్నాలుగు భాగాలుగా ఉంటుంది. వాటిని మాడ్యూళ్ళంటారు. ఒక్కోదానికి ఒక్కో పని, ఒక్కో పేరు. పని పడినప్పుడు పెద్ద ప్రోగ్రాం జాబితాలో పేరు వెతికి, ఆ మాడ్యూల్‌ని పిలుస్తుంది. పేరు దొరికితే పని జరుగుతుంది. దొరక్కపోతే తెర మీద "దొరకలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. అంతకుమించి దానికి చేతకాదు.

సార్వభౌమరావు గారు చల్లగాలి కింద కుర్చీ వేయించుకుని, కాలక్షేపానికి తెర వైపు చూశారు.

"ఇదేమిటమ్మా, గేట్ డాట్ ఓపెన్ అని ఉంది?"

"మాడ్యూల్ పేరు సార్. లాకుల తలుపు ఎత్తేది అదే. పేరు పెట్టి పిలుస్తాం, వస్తుంది."

"పేరు పెట్టి పిలుస్తారా?"

"అవున్సార్."

"ఈ తలుపు కింద ఆయకట్టు ఎంత?"

"పద్ధెనిమిది వేల ఎకరాలు సార్."

సార్వభౌమరావు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "పద్ధెనిమిది వేల ఎకరాల బాధ్యత మోసేవారిని పేరు పెట్టి, ఏకవచనంలో, రమ్మంటే రావాలి అన్నట్టు పిలవడమా? నన్నెవరైనా సార్వభౌమా అని పిలుస్తారా?"

పిలవరని సునయన ఒప్పుకుంది.

ఆ నెల రాజధాని నుంచి 'మర్యాద మాసం' జరపమని ఉత్తర్వు వచ్చి ఉంది. ప్రతి కార్యాలయమూ ప్రజల పట్ల, ఉద్యోగుల పట్ల మర్యాద పెంచే ఒక వినూత్న చర్యను నెలాఖరులోగా నివేదించాలి. పక్క సర్కిల్ వాళ్ళు గుమ్మంలో పన్నీరు బుడ్డి పెట్టి, ఫోటో కూడా పంపేశారు. సార్వభౌమరావు గారికి నాలుగు రోజులుగా ఏమీ తోచలేదు. ఇప్పుడు తోచింది. ఏసీ బాగయ్యేలోపే సర్క్యులర్ తయారైంది.

"శాఖాపరమైన సాఫ్ట్‌వేర్ నందు పనిచేయుచున్న మాడ్యూళ్ళను అగౌరవ రీతిలో సంబోధించుట ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. కావున మొదటి విడతగా, గెజిటెడ్ హోదాకు సమానమైన బాధ్యత నిర్వర్తించుచున్న గేట్ డాట్ ఓపెన్ పేరు చివర 'గారు' చేర్చి మాత్రమే పిలువవలెను. ఉల్లంఘించిన వారిపై తగు చర్య గైకొనబడును."

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి కాబట్టి, గారు అనే మాటను కూడా ఇంగ్లీషులో జి-ఏ-ఆర్-యు అని స్వహస్తంతో రాసి, కింద సంతకం పెట్టారు. మరి గేట్ డాట్ క్లోజ్ మాటేమిటని సునయన అడిగింది.

"మూయడం ఎవరైనా మూస్తారమ్మా. దానికి గారెందుకు?" అన్నారు ఆయన.

గెజిటెడ్ హోదా వచ్చాక సర్వీసు రిజిస్టరు లేకుండా కుదరదు. ఆ పని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ అనపిండి కామేశానికి అప్పగించారు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు, ఇంకో పది నెలల్లో రిటైర్మెంటు. కొత్త రిజిస్టరుకి అట్ట వేసుకుని, పెన్ను విదిలించుకుంటూ కంప్యూటర్ గదికి వచ్చాడు.

"పుట్టిన తేదీ?"

"పోయినేడు మే పదో తారీకున రాశానండి."

"ఏడాదిన్నర పిల్లాడికి గెజిటెడ్డు," అని నిట్టూర్చి రాసుకున్నాడు. "తండ్రి పేరు?"

"దీనికి తండ్రుండడండి. పైన ఒక పొర ఉంటుంది. ఇక్కడ పేరు దొరక్కపోతే అక్కడ కూడా వెతుకుతుంది. పేరెంట్ లేయర్ అంటాం."

"పేరెంటే కదమ్మా." కామేశం 'పై పొర గారు' అని రాశాడు. "పుట్టుమచ్చలు?"

సునయన తెర వైపు చూసింది. "గేట్‌కీ ఓపెన్‌కీ మధ్య ఒక చుక్క ఉందండి."

"అది చాలు."

రిజిస్టరుతో పాటు మాడ్యూళ్ళ జాబితా కూడా ఎస్టాబ్లిష్‌మెంట్ అధీనంలోకి వెళ్ళింది. ఇకమీదట జాబితాలో పేరు రాయాలన్నా, మార్చాలన్నా కామేశం దగ్గరున్న పాస్‌వర్డ్‌తోనే జరగాలి. పిలిచే వైపు మాత్రం సునయనది. వెళ్ళబోతున్న కామేశాన్ని ఆపి చెప్పింది.

"ఒక్క మాటండీ. నేను పిలిచే పేరూ మీరు రాసే పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అవ్వాలి. కాస్త తేడా ఉన్నా దొరకదు."

"రిజిస్టర్లు రాసీ రాసీ వేలు వంకరపోయిన చెయ్యమ్మా ఇది," అన్నాడు కామేశం.

ప్రారంభోత్సవం అక్టోబరు రెండో సోమవారం పెట్టారు. తలుపు ఎత్తి చూపించాలంటే ముందు అది మూసి ఉండాలి. కనుక తొమ్మిదింటికి గేట్ డాట్ క్లోజ్‌ని ఏకవచనంలోనే పిలిచి కాలువ మూయించారు. అది పిలవగానే వచ్చి, మూసి వెళ్ళిపోయింది. పదకొండింటికి సార్వభౌమరావు గారు చప్పట్ల మధ్య మీట నొక్కారు.

తెర మీద "దొరకలేదు" అని పడింది.

మళ్ళీ నొక్కారు. దొరకలేదు. గౌరవభావంతో నెమ్మదిగా నొక్కి చూశారు. అయినా దొరకలేదు. లాకుల దగ్గర తలుపులు కనిపెట్టుకుని ఉండే లస్కరు ఏసుదాసు ఫోన్ చేసి, "తలుపు కదల్లేదండి, ఇక్కడ బేండు మేళం వాళ్ళు ఎదురు సూత్తన్నారండి," అన్నాడు.

సునయన అరగంటలో సంగతి పట్టేసింది. ఉత్తర్వు ప్రకారం ఆమె పిలుస్తున్నది జి-ఏ-ఆర్-యు. కామేశం జాబితాలో రాసినది జి-ఏ-ఏ-ఆర్-యు. గారుకి దీర్ఘం ఉంది కదా అని ఆయన ఒక ఏ ఎక్కువ వేశాడు. వెళ్ళి సార్వభౌమరావు గారితో చెప్పింది.

"అంటే నా ఉత్తర్వులో తప్పుందంటావా?"

"తప్పని కాదు సార్. రెండూ ఒకేలా ఉంటే చాలు. ఏదో ఒక వైపు..."

"నా సంతకమున్న అక్షరాన్ని మార్చడమంటే ఫోర్జరీ అవుతుంది తల్లీ. అటు సర్వీసు రిజిస్టరులో కొట్టివేతకు ప్రభుత్వ అనుమతి కావాలి." ఆయన కామేశం వైపు తిరిగారు. "ఏవోయ్ కామేశం, పిలిచినదెవరు? ప్రభుత్వం. పలకనిదెవరు? ఉద్యోగి. దీన్ని రూల్స్‌లో ఏమంటారు?"

"గైర్హాజరంటారండి."

"మెమో ఇవ్వు."

మెమో తయారైంది. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని గేట్ ఓపెన్ గారిని ఆదేశించారు. తీసుకునే చేతులు లేనందున దాన్ని కంప్యూటర్ గదిలోని నల్లటి సర్వర్ పెట్టెకి అంటించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించారు.

అది సార్వా వరి పంట పొట్ట మీదుండే సమయం. వాన జాడ లేదు. ఆరో రోజున శివారు ఊరైన ముంగిలంక నుంచి కడలి వరహాలమ్మ ఆఫీసుకు వచ్చింది. మూడెకరాలు కౌలుకు చేస్తున్న మనిషి. యాభై ఏళ్ళుంటాయి. ప్యూను ఆపబోతే పక్కకి తోసుకుని నేరుగా సార్వభౌమరావు గారి బల్ల ముందు నిలబడింది.

"నీళ్ళెప్పుడొదుల్తారండి?"

మర్యాద మాసం కనుక ఆయన లేచి నమస్కారం పెట్టి, కూర్చోమన్నారు. "సంబంధిత అధికారి విధులకు హాజరు కానందున జాప్యం జరుగుచున్నదమ్మా."

"ఎవరండి ఆ అధికారి?"

"గేట్ ఓపెన్ గారు."

"ఏ ఊరోరండి ఆయన? ఒంట్లో బాగోలేదా?"

"అనధికారిక గైర్హాజరు."

"ఇల్లెక్కడో సెప్పండి బాబూ. నేనెల్లి కాళ్ళట్టుకుని లాక్కొత్తాను."

"ఇంట్లో లేరు. పక్క గదిలోనే ఉన్నారు."

వరహాలమ్మ పక్క గది తలుపు వైపు చూసింది. "మరి రారేంటండి?"

"పిలుస్తున్నాం. పలకడం లేదు."

"ఆయన పలక్కపోతే పాత సెక్రం ఉండేది కదండి? ఏసుదాసు తిప్పేవోడు. దాంతో తిప్పించండి."

చక్రం ఉంది. తలుపులకు మోటార్లు పెట్టినప్పుడు దాన్ని ఊడదీసి, 'పూర్వకాలపు పరికరం' అని చీటీ రాసి వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. ప్రదర్శనలో ఉన్న వస్తువును వినియోగించడానికి నిబంధనలు ఒప్పుకోవని సార్వభౌమరావు గారు విచారం వ్యక్తం చేశారు. వినతిపత్రం ఇచ్చి వెళ్తే పరిశీలిస్తామన్నారు.

సునయన ఆమెను వరండాలోకి తీసుకెళ్ళి, మంచినీళ్ళిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. అధికారీ లేడు, ఎవరూ లేరు, అది కంప్యూటర్లో రాసిన ఒక ముక్క, వాళ్ళు రాసిన పేరుకీ వీళ్ళు పిలిచే పేరుకీ మధ్య ఒక్క అక్షరం తేడా అని.

వరహాలమ్మ గ్లాసు కింద పెట్టేసింది. "నా పేరు రేసన్ కార్డులో వరాలమ్మ. ఓటు కార్డులో వరహాలు. బేంకు బుక్కులో ఇంకేదో ఉంది. ఎవరెలా పిలిచినా పలుకుతానే! దీనికేం రోగమమ్మా?"

సునయన వంగి గ్లాసు తీసుకుంది. ఆ ప్రోగ్రాం రాసింది తనే.

ఎనిమిదో రోజున అక్షరనిర్ణయ సంఘం సమావేశమైంది. రిటైరైన తెలుగు పండితుడొకాయన్ని కారు పంపి పిలిపించారు. 'గారు'లోని దీర్ఘం అనాదిసిద్ధమని ఆయన రెండు గంటలు ప్రసంగించి, పకోడీలు తిని, ఇంగ్లీషులో మాత్రం దాన్ని ఎలా రాసినా తనకు అభ్యంతరం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మినిట్స్ పుస్తకంలో 'చర్చ అర్థవంతముగా జరిగినది' అని రాశారు.

ఆ మర్నాడు సునయన సెలవు పెట్టి, స్కూటరు వేసుకుని ముంగిలంక వెళ్ళింది. వరహాలమ్మ ఆమెను గట్టు మీద నిలబెట్టి తాను మడిలోకి దిగింది. ఎండిన నెర్రెలో పాదం చీలమండ దాకా దిగిపోయింది. ఒక పిలక తుంచి, గోటితో చీల్చి చూపించింది. లోపల వెన్ను లేతగా, తెల్లగా, జుట్టు పాయలా ఉంది.

"ఇది బయటికి రావాలంటే నీళ్ళుండాలమ్మా. ఇంకో నాలుగు రోజులాగితే తాలే. ఆ మూల అరెకరం ఆల్రెడీ పోయింది."

సునయన తిరిగొచ్చే దారంతా లెక్కలు వేసుకుంటూనే ఉంది. పిలిచే వైపు ఒక అక్షరం చేర్చడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఎస్‌ఈ సంతకాన్ని దిద్దిందని తేలితే ఆ రోజే బయటికి పంపిస్తారు. కాంట్రాక్టు గడువు నెలాఖరుతో సరి. ఉద్యోగం పోయినా పరవాలేదనుకుందామా అంటే, ఆమె వెళ్ళిపోయాక ఆ అక్షరాన్ని ఎవరో ఒకరు నిబంధన ప్రకారం మళ్ళీ తీసేస్తారు. అప్పుడు తలుపు తెరవడానికి తనూ ఉండదు.

పదో రోజు పొద్దున్నే కామేశం బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"కామేశం గారూ, ఆ ఒక్క ఏ తీసేయండి. మీకు దణ్ణం పెడతాను."

కామేశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై ఒక్కేళ్ళయిందమ్మా ఇక్కడ చేరి. ఈ ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచీ అందరికీ నేను కామేశాన్నే. పైవాళ్ళయితే ఏవోయ్. నువ్వొక్కదానివే గారంటున్నావు, అదీ ఇవాళ పనిబడి." సునయన ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "నిన్ననడం లేదులే. ఒక పెట్టెకి గారు రాయమని ఇచ్చారు. సరే, రాసేటప్పుడు నిండుగా రాద్దామనిపించింది. రాశాను. ఇప్పుడు కొట్టేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆరు నెలలు పడుతుంది."

"ఈలోగా చేలు పోతాయి కదండీ. నిన్న చూసొచ్చాను."

ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. నెర్రెలో దిగిన పాదం, పిలకలో వెన్ను. కామేశం విన్నాడు. తర్వాత లేచి, బీరువా తీసి, అట్ట చిరిగిన రూల్సు పుస్తకం ఒకటి బయటికి లాగాడు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"గైర్హాజరే కదమ్మా?"

"ఎవరండీ?"

"వాడే, గేట్ ఓపెన్. గైర్హాజరని ఎస్‌ఈ గారే తేల్చారు. మెమో ఉంది, సాక్షులున్నారు. ఒక ఉద్యోగి గైర్హాజరైతే పదిహేను రోజులకు మించకుండా ఇన్‌ఛార్జిని పెట్టుకునే అధికారం సూపరింటెండెంట్‌కి ఉంది. పైవాళ్ళ సంతకం అక్కర్లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎస్‌ఈ గారు ఏ పేరుతో పిలుస్తున్నారో ఆ పేరుతోనే ఒక ఇన్‌ఛార్జిని వేస్తే?"

సునయనకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "పొట్టి గారు? జి-ఏ-ఆర్-యు?"

"అదే."

"కొత్త మాడ్యూల్ అన్నమాట. కానీ దానికి తలుపెత్తడం రాదు కదండీ? అదంతా మళ్ళీ రాయాలంటే..."

"ఇన్‌ఛార్జికి పని రావడం ఎందుకమ్మా?" కామేశం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వచ్చిన కాయితాన్ని వచ్చినట్టు అసలాయన బల్ల మీద పెడితే సరిపోతుంది. నేను మూడు సీట్లలో ఇన్‌ఛార్జి చేశాను. అంతే చేశాను."

సునయన పదకొండు లైన్లు రాసింది. ఎవరు పిలిచినా వచ్చి, ఆ పిలుపును దీర్ఘమున్న అసలాయనకి అందించడం తప్ప ఆ మాడ్యూల్‌కి మరే పనీ రాదు. పదకొండో రోజు ఉదయం కామేశం నియామకపు ఉత్తర్వు మీద సంతకం పెట్టి, పాస్‌వర్డ్ కొట్టి, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ జాబితాలో పేరు చేర్చాడు. సునయన మీట నొక్కింది.

తెర మీద "దొరకలేదు" పడలేదు. అసలేమీ పడలేదు. ఇద్దరూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాలకు మోగింది.

"అమ్మా! లేత్తందండి! తలుపు లేత్తంది!" ఏసుదాసు అరుపు పక్క సెక్షన్‌కి కూడా వినిపించింది. వెనకాల నీటి హోరు.

సునయన బల్ల మీద తల వాల్చేసింది. కామేశం ఆమె భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, రిజిస్టరులో 'పూర్వాహ్నం విధులలో చేరినారు' అని రాసుకున్నాడు.

నీళ్ళు శివారుకి చేరడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వరహాలమ్మకి మూల అరెకరం దక్కలేదు. మిగిలిన రెండున్నర ఎకరాలు ఈనాయి.

సార్వభౌమరావు గారు మాత్రం ఇన్‌ఛార్జి గారి పనితీరుకు ముగ్ధులయ్యారు. "చూశావటోయ్! నిన్నగాక మొన్న చేరినాయన, పిలవగానే పలికాడు. ఆ పాతాయన పదకొండు రోజులు కదల్లేదు. వాణ్ణి తక్షణం సర్వీసు నుంచి తొలగించు," అని కామేశాన్ని ఆదేశించారు. తొలగిస్తే ఇన్‌ఛార్జి పిలుపును అందించడానికి ఎవరూ ఉండరని కామేశానికి తెలుసు. మెమో ముట్టినట్టు ఉద్యోగి సంతకం లేదు కనుక తొలగింపు చెల్లదని నోటు రాశాడు. ఆ ఫైలు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఇన్‌ఛార్జిని పదిహేను రోజులకోసారి పొడిగిస్తూనే ఉన్నారు.

మర్యాద మాసం ముగింపు సభ కంప్యూటర్ గదిలోనే జరిగింది. సర్కిల్ మొత్తానికి ఉత్తమ ఇన్‌ఛార్జిగా గేట్ ఓపెన్ గారిని, అంటే పొట్టి గారుని, ఎంపిక చేశారు. విలేకర్లు ఇద్దరు వచ్చారు. సార్వభౌమరావు గారు నల్లటి పెట్టె ముందు వినమ్రంగా నిలబడి, దానికి పూలదండ వేసి, దళసరి జరీ శాలువా నిండుగా కప్పారు. వెనకవైపు గాలి పోయే కంతలు మూసుకుపోతున్నాయని సునయన చెప్పబోయింది. ప్రసంగం మధ్యలో మాట్లాడకూడదని ఆయన కళ్ళతోనే వారించారు.

ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. పెట్టె లోపల వేడెక్కి వేడెక్కి, చివరికి గుయ్‌మని ఒక్క మూలుగు మూలిగి ఆరిపోయింది. తెర నల్లబడింది. నీటిమట్టం చూసేది, వాన కొలిచేది, గేట్ డాట్ క్లోజ్, దీర్ఘమున్నాయన, దీర్ఘం లేనాయన, మొత్తం పదిహేనూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

సార్వభౌమరావు గారు మైకు వదిలేశారు. "ఏమిటిది? అందరూ ఒకేసారి?"

"సామూహిక సెలవులా ఉందండి," అన్నాడు కామేశం.

"వీళ్ళకి యూనియన్ కూడా ఉందా?" ఆయన మొహం పాలిపోయింది. విలేకర్లు రాసుకుంటున్నారు. "వెంటనే చర్చలకు పిలవండి. నేను సిద్ధం. ఇప్పుడే, ఇక్కడే."

పెట్టెకి ఎదురుగా కుర్చీ వేశారు. సార్వభౌమరావు గారు తలుపులు వేయించి, సునయననీ కామేశాన్నీ మాత్రం ఉంచుకుని, ప్రభుత్వం ఉద్యోగుల సంక్షేమానికి కట్టుబడి ఉందని చెప్పడం మొదలుపెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని కరువు భత్యం గురించి చెబుతుండగా, సునయన వెనకనుంచి వెళ్ళి శాలువా తీసేసి, పెట్టె చల్లబడేదాకా ఆగి, మీట వేసింది. తెర వెలిగింది. పదిహేను పేర్లూ వరసగా హాజరయ్యాయి. సార్వభౌమరావు గారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. ఇలాంటి చర్చల్లో దుబాసీగా ఉండేందుకు సునయన కాంట్రాక్టును మరో ఏడాది పొడిగించమని అక్కడే చెప్పారు.

చర్చలు సఫలమైనట్టు సాయంత్రానికి పత్రికా ప్రకటన వెలువడింది. వరండాలో ఒక విలేకరి కామేశాన్ని పట్టుకున్నాడు.

"కామేశం గారూ, ఇంతకీ వాళ్ళ డిమాండేమిటండీ?"

కామేశం ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏముంది బాబూ," అన్నాడు. "కాస్త గాలాడనివ్వమన్నారు."